గండం గడిచిన రోజున తడిసిన అడవిలోకి

అందరికీ నమస్కారం. కష్టం వచ్చినప్పుడు కుటుంబం ఎలా నిలబడాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కష్టం తీరిన రోజున ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. నేను ఈరోజు ఆ రెండోదాని గురించే మాట్లాడతాను. రిపోర్టు మంచిగా వచ్చిన రోజు, ఆపరేషన్ అయిన మనిషి ఇంటికి నడిచొచ్చిన రోజు, ఏళ్లుగా నలిగిన కేసు కొట్టేసిన రోజు, జాడ తెలియని మనిషి క్షేమంగా ఉన్నాడని కబురు అందిన రోజు. అలాంటి రోజు సాయంత్రమో, మర్నాడు పొద్దున్నో, వీలైతే ఇంటిల్లిపాదీ కలిసి వానకు తడిసిన అడవిలో కాసేపు నడవండి అని అడగడానికి వచ్చాను. పక్షులూ చెట్లూ పురుగులూ చూపిస్తూ జనాన్ని అడవుల్లో తిప్పడం నా పని. ఆ పనిలో చూసిందీ, మా ఇంట్లో జరిగిందీ, శాస్త్రజ్ఞులు తేల్చిందీ కలిపి చెబుతాను.

గండం గడిచిన రోజున ఇల్లు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. హమ్మయ్య అని అందరూ ఒక్కసారే అంటారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో తీరుగా అయిపోతారు. ఒకరు ఫోన్ పట్టుకుని చుట్టాలందరికీ చెప్పడం మొదలుపెడతారు. ఒకరు గదిలోకి వెళ్లి పడుకుంటారు. ఇన్నాళ్లూ కన్నీటి చుక్క రానివ్వకుండా అన్నీ మోసిన మనిషి ఆ రోజే చిన్న విషయానికి కసురుకుంటారు, లేదంటే వెక్కివెక్కి ఏడుస్తారు. పిల్లలు మాత్రం పెద్దవాళ్ల మొహాలు చూస్తూ, ఇప్పుడు గట్టిగా నవ్వొచ్చా లేదా అని ఆలోచిస్తుంటారు. మంచి కబురు మనసుకు ఒక్క క్షణంలో చేరుతుంది. ఒంటికి మాత్రం అంత తొందరగా చేరదు. నెలల తరబడి ఏ ఫోన్ మోగినా ఉలిక్కిపడ్డ ఒళ్లు, సరిగ్గా నిద్రపోని ఒళ్లు, భుజాలు బిగబట్టుకుని కూర్చోవడం అలవాటైన ఒళ్లు, ఒక కాగితం చూసి వెంటనే సడలిపోదు. పైగా ఇంట్లో ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో వేగంతో సడలుతుంది. ఆ రోజు జరిగే చిన్న చిన్న గొడవల్లో చాలావాటికి ఇదే మూలం అని నేను నమ్ముతాను. నేను సంబరంగా ఉంటే నువ్వెందుకు మూతి ముడుచుకున్నావు అని ఒకరు, ఇంత జరిగాక నీకు నవ్వెలా వస్తోంది అని ఇంకొకరు.

అలాంటప్పుడు అందరినీ ఒక గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి, పదండి సంతోషిద్దాం అంటే కుదరదు. నడకలో ఆ ఇబ్బంది లేదు. పక్కపక్కన నడిచేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడొచ్చు, లేకపోతే ఒక ఆకును చూపించి ఊరుకోవచ్చు. ఏడుపొస్తే రెండడుగులు వెనక నడవొచ్చు.

మరి తడిసిన అడవే ఎందుకు? కొండ శిఖరం ఎక్కొచ్చు, సముద్రం చూడొచ్చు కదా అంటారు. వెళ్లండి, కాదనను. అయితే కొండ మీద దృశ్యం మన నుంచి ఒక స్పందన అడుగుతుంది. ఆహా అనాలి, ఫోటో తీయాలి. అలసిన మనిషికి అది కూడా ఒక పనే. తడిసిన అడవి ఏమీ అడగదు. అక్కడ చూడాల్సినవన్నీ చిన్నవి, నేలకు దగ్గరగా ఉండేవి, నింపాదిగా కదిలేవి. వాటిని చూడాలంటే మనమూ నింపాదిగా ఉండాలి, అంతే.

మొదట తగిలేది వాసన. అడవిలోకి అడుగుపెట్టగానే ఎవరూ చెప్పకుండానే అందరూ ఒక్కసారి గట్టిగా గాలి పీలుస్తారు. నేను నడిపించిన గుంపులన్నిటిలోనూ చూశాను ఇది. వాన తాకిన మట్టి వాసన మీద 1964లో ఆస్ట్రేలియాకు చెందిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. దానికి పెట్రికోర్ అని పేరు పెట్టింది వాళ్లే. ఎండా కాలంలో మట్టిలోకీ రాళ్లలోకీ ఇంకిన నూనెల్లాంటి పదార్థాలు తడి తగలగానే బయటికొస్తాయని చెప్పారు. అడవి నేలలో దానికి తోడు జియోస్మిన్ అనే పదార్థం ఉంటుంది. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. మన ముక్కు ఈ ఒక్క వాసన విషయంలో మహా చురుకు. గాలిలో లక్ష కోట్ల పాళ్లలో నాలుగైదు పాళ్లున్నా పసిగట్టేస్తుంది.

ఆ వాసన పైకి ఎలా లేస్తుందన్నది 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు హైస్పీడ్ కెమెరాలతో చూపించారు. వాన చినుకు మట్టి మీద పడ్డప్పుడు మట్టి రంధ్రాల్లోని గాలి చినుకు అడుగున చిక్కుకుంటుంది. ఆ గాలి బుడగలై చినుకులోంచి పైకి లేచి, పైన పగిలి, కంటికి కనబడనంత సన్నని తుంపరలను గాలిలోకి చిమ్ముతుంది. కుండపోత వానలో కంటే మామూలు వానలో, సన్నటి తుంపరలో ఇది ఎక్కువగా జరుగుతుంది. అందుకే నేను జోరు వాన మర్నాటి కంటే సన్నని జల్లు పడి ఆగిన పూట కోసం చూస్తాను. ఇంకో సంగతి. బ్యాక్టీరియా ఈ వాసన ఎందుకు వెదజల్లుతుందన్నది చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 2020లో ఒక సమాధానం దొరికింది. మట్టిలో స్ప్రింగ్‌టెయిల్ అనే బుల్లి జీవులుంటాయి, ఆవగింజ పాటివి, పొట్ట కింద మడిచిపెట్టుకున్న తోకలాంటి అవయవంతో ఎగిరి గెంతుతాయి. అవి ఈ వాసన పట్టుకుని వచ్చి ఆ బ్యాక్టీరియాను తింటాయి, దాని సిద్ధబీజాలను, అంటే విత్తనాల్లా పనిచేసే సూక్ష్మ కణాలను, ఒంటికి అంటించుకుని వేరేచోటికి చేరుస్తాయి. మనకు ఊరట అనిపించే వాసన ఆ బుల్లి జీవులకు భోజనానికి పిలుపు. పిల్లలకు ఈ మాట చెప్పి చూడండి, వెంటనే నేల మీదికి వంగిపోతారు.

నాచు దగ్గర మాత్రం ఆగాలి. నాకు చేతనైతే నడకంతా నాచు దగ్గరే ఆపేసేవాణ్ని. ఒక భూతద్దం దగ్గరుంచుకోండి, చవకది చాలు. చెట్టు మొదట్లో, ఉత్తరపు నీడలో అని వెతకక్కర్లేదు, తడి ఎక్కడ నిలిస్తే అక్కడే నాచు. భూతద్దం కంటికి ఆనించి, మొహం నాచుకు జానెడు దూరం దాకా తీసుకెళ్లండి. దూరం నుంచి పచ్చటి పూత అనుకున్నది కాడలూ ఆకులూ ఉన్న అడవిగా కనబడుతుంది. చాలా నాచుల్లో ఆకు మందం ఒకే ఒక్క కణం. అందుకే వెలుతురు దానిలోంచి దూసుకొస్తుంది. నాచుకు అసలైన వేళ్లు లేవు. పట్టుకోవడానికి సన్నని పోగులుంటాయి, నీళ్లు మాత్రం ఎక్కువగా ఆకులతోనే తాగుతుంది. దాచుకోవడానికీ, ఆరిపోకుండా కాపాడుకోవడానికీ పెద్ద మొక్కలకున్న ఏర్పాట్లు లేవు. గాలి ఎండితే తనూ ఎండుతుంది. ముడుచుకుని, గోధుమ రంగు తిరిగి, చేత్తో నలిపితే పొడి అయ్యేలా ఉంటుంది. దాన్ని చచ్చిపోయింది అనుకుంటాం. నీళ్లు తగిలాక కొన్ని నిమిషాలు చూడండి, ఆకులు విచ్చుకుంటాయి, పచ్చదనం తిరిగొస్తుంది. అంటార్కిటికాకు దగ్గర్లో సిగ్నీ అనే దీవి ఉంది. అక్కడ 1500 ఏళ్లకు పైగా గడ్డకట్టిన నేలలో ఉన్న నాచును తీసుకొచ్చి వెలుతురూ తడీ ఇస్తే మళ్లీ చిగురేసింది. 2014లో బయటికొచ్చిన పరిశోధన అది.

ఆ నాచులోనే నీటి ఎలుగులు (టార్డిగ్రేడ్లు) అనే బుల్లి జీవులు ఉంటాయి. ఎనిమిది కాళ్లు, మిల్లీమీటరు కూడా లేని ఒళ్లు. భూతద్దానికి దొరకవు, మైక్రోస్కోపు కావాలి. కానీ మీరు చూస్తున్న ఆ గుప్పెడు నాచులో అవి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఎండిపోతే కాళ్లు లోపలికి ముడుచుకుని, ప్రాణక్రియలన్నీ దాదాపు ఆపేసి ఉండిపోతాయి. 2007లో వాటిని ఎండిన స్థితిలో అంతరిక్షంలోకి పంపి, శూన్యంలో ఉంచి తీసుకొస్తే వాటిలో కొన్ని బతికి లేచాయి, గుడ్లు కూడా పెట్టాయి.

ఎండి మళ్లీ లేచే నాచు కథ చెప్పగానే కొందరు, మా నాన్న కూడా అలాగే లేచాడండీ అంటారు. నేను కాదనను, అవును అని పొడిగించను కూడా. అది వాళ్ల మాట, వాళ్లకు తోచినప్పుడు తోచింది. మీతో వచ్చిన పిల్లలకు మాత్రం దీన్ని నీతికథ చేసి చెప్పకండి. నాచును నాచుగా చూడనివ్వండి. ఇన్నాళ్లూ ఇంట్లో ప్రతి మాటా రోగం చుట్టూనే తిరిగింది. రోగంతో సంబంధం లేని ఒక వస్తువును తదేకంగా చూడటమే పిల్లలకు ఆ రోజు దొరికే పెద్ద సెలవు.

చెట్ల బెరడు మీద బూడిద రంగు మరకల్లా ఉండే లైకెన్లను కూడా తడిలోనే చూడాలి. పొడిగా ఉన్నప్పుడు సున్నం రాసినట్టుంటాయి. తడిస్తే పైపొర పారదర్శకమై, లోపల ఉండే శైవలం, అంటే ఆల్గే, పచ్చగా బయటపడుతుంది. లైకెన్ ఒక్క జీవి కాదు, శిలీంద్రమూ (బూజు, పుట్టగొడుగుల జాతి జీవి) శైవలమూ కలిసి కాపురం చేస్తున్నాయని 1860ల చివర్లో సైమన్ ష్వెండెనర్ చెప్పినప్పుడు సాటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు అది బడి పాఠం.

ఇక పడిపోయిన మాను. తడి అడవిలో దాన్ని దాటుకుని వెళ్లిపోవద్దు. గండం గడిచిన కుటుంబం దాని దగ్గర ఆగినప్పుడు ఏదో ఒక పిల్లో పిల్లాడో తప్పకుండా అడుగుతారు, ఈ చెట్టు చచ్చిపోయిందా అని. పెద్దవాళ్లు చటుక్కున మాట మార్చేస్తారు. మార్చొద్దు అంటాను నేను. ఆ ఇంట్లో చావు అనే మాట ఎవరూ పైకి అనకుండా నెలల తరబడి తిరిగింది. పిల్లలకు ఆ సంగతి తెలుసు. మాను దగ్గర నిలబడి, అవును, చచ్చిపోయింది అని మామూలు గొంతుతో చెప్పండి. తర్వాత దాని మీద ఏమున్నాయో చూపించండి. చెక్క గోధుమ రంగులో చిన్న చిన్న ఘనాలుగా విరుగుతుంటే, ఒక రకం శిలీంద్రం అందులోని సెల్యులోజ్‌ను తినేసి లిగ్నిన్‌ను చాలావరకు వదిలేసిందని అర్థం. తెల్లగా, పీచుపీచుగా, దూదిలా ఉంటే ఇంకో రకం శిలీంద్రం లిగ్నిన్‌నే అరిగించుకుంటోంది. చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ను పూర్తిగా విడగొట్టగలిగే జీవులు లోకంలో బహు కొద్ది, అందులో ఇవి మేటి. ఇవి లేకపోతే అడవి తన చెట్ల కిందే పూడుకుపోయేది. బాగా మెత్తబడిన మాను మీద విత్తనాలు పడి మొలకలు వరసగా లేస్తాయి. కొన్ని అడవుల్లో పెద్ద చెట్లు తిన్నగా గీత గీసినట్టు నిలబడి కనిపించడానికి ఎప్పుడో కరిగిపోయిన ఒక మానే కారణం.

మాను మీద పుట్టగొడుగు కనిపిస్తే కిందికి వంగి, గొడుగు అడుగున రేకుల్లా ఉండే మడతల వైపు చూడండి. తడికీ దానికీ ఉన్న బంధం అబ్బురం. అక్కడ ప్రతి సిద్ధబీజం మొదలు దగ్గర గాలిలోని తేమ చేరి ఒక సూక్ష్మమైన నీటిబొట్టు ఊరుతుంది. ఆ బొట్టు బీజం మీదున్న నీటి పొరతో కలిసిన క్షణాన పుట్టే కుదుపు బీజాన్ని విసిరేస్తుంది. పాతకాలపు వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ బుల్లర్ పేరు మీద దాన్ని బుల్లర్ బొట్టు అంటారు. చూడండి, ముట్టుకోండి, చేతులు కడుక్కోండి. తినడం మాత్రం వద్దు. తినేదీ విషమైనదీ పక్కపక్కన పెడితే ఆరితేరినవాళ్లు కూడా తడబడేంత పోలిక ఉంటుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒక్కటి. మా అమ్మకు చికిత్స నడిచినన్నాళ్లూ మా నాన్న నోరు తెరిచి మాట్లాడింది తక్కువ. మందుల వేళలు, పరీక్షల తేదీలు, అంతే. ఇక భయం లేదని డాక్టరు చెప్పిన మర్నాడు జల్లు పడి వెలిసింది. ముగ్గురం అడవికి బయల్దేరాం. అమ్మ కొద్ది దూరం నడిచి ఒక రాయి మీద కూర్చుంది. నాన్న ఒక నత్త దగ్గర ఆగిపోయారు. తడి ఉన్నప్పుడే నత్తలు ధైర్యంగా బయటికొస్తాయి, పొడి గాలిలో ఒంట్లో నీరంతా ఆవిరైపోతుంది వాటికి. అది ఒక ఆకు ఇవతలి అంచు నుంచి అవతలి అంచుకు వెళ్లేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. తర్వాత వచ్చి అమ్మ పక్కన కూర్చుని, నత్త ఏం చేసిందో మొదటినుంచి చివరిదాకా వివరంగా చెప్పారు. అమ్మ అన్నీ విని, దాని కళ్లు ఎక్కడున్నాయి అని అడిగింది. వాళ్లిద్దరూ మందుల ఊసు లేకుండా అంతసేపు మాట్లాడుకోవడం ఆ ఏడాదిలో నేను విన్నది అదే మొదలు.

ఎందుకిలా జరుగుతుందని అడిగితే మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రేచెల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు చెప్పినదే నాకు దగ్గరగా అనిపిస్తుంది. బలవంతాన ఒక విషయం మీద దృష్టి నిలిపే శక్తి మనిషికి అరిగిపోతుందట. రోగి పక్కన కూర్చున్నవాళ్లు చేసేది రాత్రింబగళ్లు అదే పని. కదిలే ఆకు, జారే నీటిబొట్టు లాంటివి మన ప్రయత్నం లేకుండానే చూపును పట్టుకుంటాయి, ఆ సమయంలో అరిగిన శక్తి కోలుకుంటుంది. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 38 మందిని తీసుకుని సగం మందిని చెట్లూ గడ్డీ ఉన్నచోట, సగం మందిని రద్దీ రోడ్డు పక్కన 90 నిమిషాలు నడిపించారు. చెట్ల మధ్య నడిచినవాళ్లలో తమ గురించి తాము అదేపనిగా చెడ్డగా తలపోసుకోవడం తగ్గింది, దానికి సంబంధించిన మెదడు భాగంలో చురుకూ తగ్గింది. ఇది చిన్న ప్రయోగం. నేను అడవిని మందుగా అమ్మడం లేదు. నెలల తరబడి దిగులుగానే ఉన్నవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు వైద్యుడినే కలవాలి. గండం గడిచాక కూడా భయం వదలకపోవడం చాలామందికి ఉండేదే, దాచుకోవాల్సినది కాదు.

ఇప్పుడు జాగ్రత్తలు. మొదటిది అన్నిటికంటే ముఖ్యం, దీన్ని మాత్రం మర్చిపోకండి. కీమోథెరపీ అయినవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు తడి అడవిలోకి వెళ్లేముందు డాక్టర్ని అడగాలి. కుళ్లే ఆకుల్లో, చెక్కలో బూజు సిద్ధబీజాలు లెక్కలేనన్ని ఉంటాయి. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులు వాటిని లెక్కచేయవు. నిరోధక శక్తి తగ్గినవాళ్లకు వాటిలో కొన్ని ప్రమాదకరమైన జబ్బు తెచ్చిపెడతాయి. ఆస్తమా ఉన్నవాళ్లూ అంతే, ఇన్హేలరు జేబులో ఉండాలి. ఆకుల కుప్పల్ని తిరగేయడం, మాను చెక్కను చిదపడం వాళ్లకు దగ్గర్లో చేయొద్దు.

ఇక మిగిలినవి మీకు తెలిసినవే. ఉరుము వినబడితే చెట్ల కిందికి వెళ్లొద్దు. నాచు పట్టిన రాళ్లు, బెరడు ఊడిన దుంగలు జారతాయి, వాటి మీద కాలు వేయకుండా దాటండి. నీళ్లు పీల్చుకున్న ఎండుకొమ్మలు బరువెక్కి విరిగి పడతాయి, వాటి కింద కూర్చోవద్దు. జలగలు, పేలలాంటి పిడుదులు ఉండే చోటైతే ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోండి, ఇంటికొచ్చాక ఒళ్లంతా చూసుకోండి. వాన వెలిసినా అడవిలో చుక్కలు పడుతూనే ఉంటాయి. ఆకుల మీద చేరి జారే బొట్టు మామూలు చినుకు కంటే పెద్దది, టోపీ ఉంటే నయం.

వెళ్లలేని మనిషి ఇంట్లో ఉంటే ఏం చేయాలని నన్ను ఎక్కువమంది అడుగుతారు. ఎవరి కోసం ఇంత ఊరటో ఆ మనిషే మంచం దిగలేని స్థితిలో ఉండొచ్చు. 1984లో రోజర్ అల్రిక్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలో ఒక ఆస్పత్రి రికార్డులు తిరగేశాడు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మందిని, ఇటుక గోడ కనిపించిన 23 మందితో పోల్చాడు. చెట్లు చూసినవాళ్లు సగటున కాస్త ముందే, 8.70 రోజులకు బదులు 7.96 రోజులకే ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. కాబట్టి చెట్టు కనిపించే కిటికీ దగ్గరికి మంచం జరపండి. మిగతావాళ్లు అడవికి వెళ్లొచ్చి, చూసింది చూసినట్టు ఆ మనిషికి చెప్పండి. ఫోటోలు తర్వాత చూపించొచ్చు, ముందు మాటల్లో చెప్పండి. ఆ మనిషి ప్రశ్నలు అడుగుతారు, మీరు మళ్లీ గుర్తు తెచ్చుకుని చెబుతారు. అలా ఆ నడక ఇంకొకసారి జరుగుతుంది.

అందరూ వెళ్లగలిగితే నాదొక్కటే షరతు. మీలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు నడవనివ్వండి. జబ్బు నుంచి లేచినవాళ్లో, ముసలివాళ్లో, చంటిపిల్లలో ఎవరైనా సరే. వెనక నడిస్తే వాళ్లు అందుకోవాలని ఆయాసపడతారు, ముందున్నవాళ్లు ఆగి ఎదురుచూస్తారు, వాళ్లు చేరుకోగానే మళ్లీ కదులుతారు. అంటే విశ్రాంతి అవసరమైన మనిషికి ఒక్కరికే విశ్రాంతి దొరకదు. వాళ్లు ముందుంటే ఆ లెక్క తిరగబడుతుంది. వాళ్లు ఆగిన చోట అందరూ ఆగుతారు, ఆగిన చోటల్లా చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. ఎంత దూరం వెళ్లాలన్నది కూడా వాళ్లే తేలుస్తారు. అడవి మొదట్లో ఉన్న తొలి చెట్టు దగ్గరే కూర్చుని, ఇక చాలు అంటే అక్కడితో ఆపేయండి.